రేపల్లె మాస్టారికి బౌద్ధం చెప్పిన రోజులు

ఉద్యోగం లేని చరిత్ర ఎం.ఏ. వాడికి ఆ కాలంలో తెనాలిలో రెండే దారులుండేవి. ఒకటి, పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఇప్పుడేం చేస్తున్నావయ్యా?" అని పలకరిస్తే వంటవాళ్ళ వైపు జారుకోవడం. రెండోది, కోచింగ్ సెంటరులో చేరి, తనకి రాని ఉద్యోగాలు ఇతరులకెలా వస్తాయో పాఠం చెప్పడం. నేను రెండూ చేశాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. సెల్‌ఫోను ఉన్నవాళ్ళు దాన్ని చొక్కా జేబులో పైకి కనపడేట్టు పెట్టుకు తిరిగేవాళ్ళు. నేను మేడమీద రేకుల షెడ్డులో మైకు పట్టుకుని, గ్రూప్స్ పరీక్షలకి చదివే నూటయాభై మందికి హిస్టరీ చెప్పేవాణ్ణి. అందులోనూ నాకు నిజంగా వచ్చింది ఒక్క చాప్టరే, బౌద్ధం. సింధు నాగరికత దగ్గర తడబడేవాణ్ణి. మొఘలుల దగ్గరికొస్తే "మీవాళ్ళేగా సార్" అని వెనక బెంచీలు నవ్వేవి. బౌద్ధం దగ్గర మాత్రం రెచ్చిపోయేవాణ్ణి. అట్లా బాపట్ల దర్జీ సాయిబుగారి రెండో కొడుకుని, శుక్రవారం నమాజు తప్పనివాణ్ణి, తెనాలిలో 'బౌద్ధం సార్' అయి కూర్చున్నాను. ఈ సంగతి తెలిసిన రోజున మా అబ్బా కుట్టుమిషను ఆపి, "ఏంట్రా, మతం ఏమన్నా మారావా?" అనడిగారు. "లేదబ్బా, చాప్టరు" అన్నాను. ఆయన అర్థమైనట్టు తలూపి మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టారు.

మా వృత్తిలో జ్ఞానం అంటే బిట్లు. ఒక మార్కు ప్రశ్నగా వచ్చేది జ్ఞానం, రానిది దండగ. బుద్ధుడు ఏళ్ళ తరబడి తిరిగి చెప్పినదాన్ని నేను మూడు గంటల్లో చెప్పేసేవాణ్ణి. నాలుగు సత్యాలు: బతుకులో దుఃఖం ఉంది, దానికి కారణం తృష్ణ, తృష్ణ పోతే దుఃఖం పోతుంది, పోగొట్టుకోడానికి ఒక దారి ఉంది. ఆ దారిలో ఎనిమిది అంగాలు: దృష్టి, సంకల్పం, వాక్కు, కర్మ, జీవనం, వ్యాయామం, స్మృతి, సమాధి, అన్నిటికీ ముందు సమ్యక్ అని తగిలించుకోవాలి. గుర్తుండటానికి కోడ్: "దృ సం వా క జీ వ్యా స్మృ స." నూటయాభై మంది ఒక్క గొంతుతో అరిస్తే కింద ఇడ్లీ బండి దగ్గర జనం తలెత్తి చూసేవాళ్ళు. (ఆ బండి ఆయనకి కూడా కంఠతా వచ్చేసింది. నన్ను చూడగానే "దృ సం వా, ఎన్ని ప్లేట్లు సార్?" అనేవాడు.) రత్నాలు మూడు, పిటకాలు మూడు, శీలాలు ఐదు. దుఃఖం అనే మాటని నేను బోర్డు మీద కొన్ని వందలసార్లు రాసుంటాను. ఒక్కసారన్నా సుద్దముక్క ఆగిందా అంటే ఆగలేదు. పైగా 'ఖ'కి ముందు విసర్గ మర్చిపోతే మార్కు పోతుందని బెదిరించేవాణ్ణి.

అట్లాంటి రోజుల్లో ఒక సాయంత్రం క్లాసు అయ్యాక, తెల్ల పాంటు, తెల్ల చొక్కా, చంకలో గొడుగుతో ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చారు. అరవై దాటిన మనిషి. చేతిలో నా బౌద్ధం నోట్సు జిరాక్సు. "నమస్కారం సార్. మాది రేపల్లె. లెక్కల మాస్టారిగా చేసి రిటైరయ్యాను. ఇది మీరు రాసిందేనాండి?" అన్నారు. మా అబ్బాకన్నా పెద్దవాడు నన్ను సార్ అంటుంటే ఎక్కడ చూడాలో తెలియక గోడ గడియారం వైపు చూస్తూ "నాదేనండి" అన్నాను. "ఇందులో నాలుగు తప్పులున్నాయండి" అన్నారాయన, చాలా మర్యాదగా. "మీరు థేరవాదాన్ని హీనయానం అన్నారు. హీనం అని ఎవరి ఇంటికి వాళ్ళు పేరు పెట్టుకోరు కదండీ, ఎదుటివాళ్ళు పెట్టింది అది." మిగతా మూడూ కూడా చెప్పారు, నేను విన్నాను. చివరికి, "అయినా సరే, నేను చదివిన లావుపాటి పుస్తకాలన్నిటికన్నా మీదే అర్థమైందండి. ఆదివారాలు మా ఇంటికొచ్చి చెప్తారా?" అన్నారు. తప్పులు పట్టి ఉద్యోగం ఇచ్చిన మనిషిని నేను అంతకుముందు చూళ్ళేదు, తర్వాతా చూళ్ళేదు.

మాస్టారి వాళ్ళది తాతల నాటినుంచీ లూథరన్ కుటుంబం. ఉద్యోగానికి రోజూ రైల్లో తిరిగే రోజుల్లో ఒకసారి ఊరికే భట్టిప్రోలులో దిగి, ఆ స్తూపం దిబ్బ చూశారట. "రోజూ పక్కనుంచే పోతున్నానండి, అదేంటో ఇరవయ్యేళ్ళు అడగలేదు. సిగ్గేసింది" అనేవారు. రిటైరయ్యాక చదవడం మొదలుపెట్టి, చదివి చదివి, ఒక ఆదివారం చర్చికి వెళ్ళడం మానేసి నేను బౌద్ధుణ్ణి అని ప్రకటించేశారు. ఎందుకండీ అంటే, "ఎవరో చెప్పారని నమ్మొద్దు, చేసి చూసుకో అన్నాడండి ఆయన. నేను లెక్కల క్లాసులో నలభయ్యేళ్ళు పిల్లలకి చెప్పింది అదేగా. ఇంకోటి, సంఘంలోకి వస్తానన్నవాణ్ణి నీదేం కులం అని అడగలేదు" అన్నారు. రెండోమాట అన్నప్పుడు గొడుగు పిడి గట్టిగా పట్టుకున్నారు.

మొదటి ఆదివారం తెనాలిలో రేపల్లె పాసింజరెక్కాను. ఆ రైలుకి తొందరనేది ఏ కోశానా లేదు. వేమూరు దాటాక చేలో ఎవరో చెయ్యెత్తినా ఆగుతుందేమో అన్నట్టు పోయేది. ఇల్లు కనుక్కుని గుమ్మంలోకి వెళ్ళేసరికి మాస్టారి భార్య అప్పుడే చర్చినుంచి వచ్చి, చేతిలో బైబిలుతోనే నిలబడి ఉన్నారు. ఆవిడా టీచరే. ఎలిమెంటరీ స్కూల్లో చేశారు. చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆవిడే. ఊరంతా టీచరమ్మ అనేది, మాస్టారు కూడా "టీచరమ్మా" అనే పిలిచేవారు. నన్ను ఎగాదిగా చూసి, "బాబూ, కోడి అయితే మీవాళ్ళు కోసిందే తింటారంట కదా. చేపకి ఆ పట్టింపు లేదని కనుక్కుని కొర్రమేను పులుసు పెట్టాను" అన్నారు. నా జన్మలో నేను తిన్న అన్నం గురించి ఎవరూ ముందుగా అంత వాకబు చెయ్యలేదు.

చిక్కేంటంటే, పంచశీలలో మొదటిది ప్రాణి హింస చెయ్యకపోవడం. మాస్టారు దానికోసం చేపలు మానేశారు. రేపల్లెలో పుట్టి చేపలు మానడం అంటే మాటలా? ఆయన పప్పూ అన్నం కలుపుకుంటూ నా కంచం వైపు చూసే చూపు నేనిప్పటికీ మర్చిపోలేదు. ఆ రోజు పాఠం రెండో సత్యం, తృష్ణ. నేను ముల్లు తీసుకుంటూ తృష్ణ గురించి చెప్తున్నాను, ఆయన వింటూ మింగుతున్నారు. చివరికి ఆగలేక, "సార్, ముక్క వద్దు గానీ, ఉత్త పులుసుకి దోషం ఉందంటారా?" అన్నారు. నేను ఆలోచించి, భిక్షువు తన కోసం చంపనిదైతే, భిక్షలో వచ్చినదాన్ని తినొచ్చని బుద్ధుడు అనుమతిచ్చాడండీ అన్నాను. మాస్టారు వెంటనే వంటింటి వైపు తిరిగి, "టీచరమ్మా, ఇది ఎవరి కోసం చంపించింది?" "సాయిబుగారబ్బాయి కోసం" అని జవాబొచ్చింది. "అయితే పొయ్యి" అని కంచం ముందుకి జరిపారు. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఆ ఇంట్లో కొర్రమేనో, రొయ్యలో నా పేరు మీదే చచ్చేవి. ఆ పాపమంతా నా ఖాతాలోనే ఉంది.

భోజనం అయ్యాక మాస్టారు అరగంట కునుకు తీసేవారు. మూడో ఆదివారం అనుకుంటాను, ఆ అరగంటలో టీచరమ్మగారు మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చి, ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నారు. "బాబూ, ఒక మాట అడుగుతాను. ఆయనతో చెప్పకు. మీ బౌద్ధంలో చచ్చిపోయాక ఎక్కడికెళ్తారు?" "మాది కాదమ్మగారూ..." అని మొదలుపెట్టి, ఎందుకులే అని పాఠం చెప్పాను. ఆత్మ అని మారకుండా ఉండేది ఏదీ లేదనీ, అయినా ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించినట్టు కర్మ ఒక జన్మనుంచి ఇంకో జన్మకి సాగుతుందనీ, తృష్ణ పూర్తిగా పోయినవాళ్ళు నిర్వాణం పొందుతారనీ. "నిర్వాణం అంటే?" "ఆరిపోవడం అండి. నూనె అయిపోయిన దీపంలాగా. పుట్టడం, చావడం ఇంక ఉండవు." నేను దాన్ని గొప్ప సంగతిగా చెప్పాను. టీచరమ్మగారి మొహం మాడిపోయింది. "ఆరిపోవడమా!" అన్నారు. కాసేపు కొంగు చివర మడత పెట్టుకుంటూ కూర్చుని, "మాకు ఒక్క బిడ్డ పుట్టింది బాబూ. పదకొండు రోజులుంది. మళ్ళీ కలగలేదు. అది పరలోకంలో ఉందిగదా, ఎవరం ముందెళ్ళినా రెండోవాళ్ళం వస్తాం, ముగ్గురం ఉంటాం అనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. ఇప్పుడీయన దీపం ఆర్పుకుంటానంటే, నేనూ అదీ అక్కడ కూర్చుని ఎవరికోసం చూడాలి?" అన్నారు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నా నోటికి ఆ క్షణంలో వచ్చిన మాట చెప్పుకోడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. "ఈ ప్రశ్న ఇంతవరకూ రాలేదమ్మగారూ" అన్నాను. "ఎక్కడ రాలేదు?" "పరీక్షల్లోనండి." ఆవిడ నావైపు నమ్మలేనట్టు చూసి, కళ్ళలో నీళ్ళతోనే పకపకా నవ్వేశారు. "నీ పరీక్షలు పాడుగాను! సరేగానీ, అంత పెద్ద మతం కదా, ఇన్ని దేశాల్లో ఉందంటున్నావు. మా యేసుప్రభువు దగ్గరే ఇన్ని సంఘాలున్నాయే, దాంట్లో ఎన్ని శాఖలుంటాయో! ఏదో ఒకదాంట్లో మనుషులు మళ్ళీ కలుసుకునే చోటు ఉండకపోదు. వెతుకు నాయనా. వెతికి ఆయన్ని దాంట్లో చేర్చు." సరే అన్నాను. ఎందుకన్నానో తెలియదు. కాదనడం చేతకాలేదంతే.

అట్లా నా జీవితంలో మొదటిసారి పరీక్షలో రాని ఒక ప్రశ్న కోసం లైబ్రరీలో కూర్చున్నాను. వారమంతా చదవడం, ఆదివారం మాస్టారు కునుకు తీయగానే టీచరమ్మగారికి రిపోర్టు ఇవ్వడం. మొదట థేరవాదం. పెద్దల మార్గం, పాతది. సింహళం, బర్మా, సయాం దేశాల్లో ఉన్నది. ఎవరి సాధన వాళ్ళు చేసుకుని అర్హంతులు, అంటే తృష్ణని జయించినవాళ్ళు, అవుతారు. "మాస్టారు పట్టుకున్నది ఇదేనమ్మగారూ. ఇందులో అట్లాంటి చోటు కనపళ్ళేదు" అన్నాను. "ఎవరిది వాళ్ళేనా? ఆయన అదే పట్టుకుంటారు. ట్యూషన్ కూడా ఎవరికీ చెప్పలేదు" అన్నారావిడ. తర్వాత వజ్రయానం. టిబెట్టు వైపు, గురువులు, మంత్రాలు, ముద్రలు, మండలాలు. "మంత్రాలొద్దు బాబూ, ఆయనకి చిన్నప్పట్నుంచీ పడవు. తాయెత్తు కడితేనే జ్వరం ఎక్కువయ్యేదంట." ఇంక మిగిలింది మహాయానం. చైనా, జపాన్ వైపు వెళ్ళింది. అందులో బోధిసత్వుడు ఉంటాడు. తనకి నిర్వాణం చేతికందినా, లోకంలో ఒక్క ప్రాణి దుఃఖంలో ఉన్నంతకాలం నేను వెళ్ళను అని ఆగిపోతాడు. ఇది వినగానే ఆవిడ చేస్తున్న పని ఆపారు. "అందరూ లోపలికి వెళ్ళేదాకా తను గుమ్మంలోనే నిలబడతాడా? మహానుభావుడు! ఇంకా చదువు బాబూ, ఇందులోనే ఉంటుంది."

ఆవిడ అన్నట్టే ఉంది. సుఖావతి. అమితాభుడనే బుద్ధుడి లోకం. పడమటి దిక్కున ఉంటుందనీ, నమ్మకంతో ఆయన పేరు తలుచుకున్నవాళ్ళు అక్కడ పుడతారనీ, అక్కడ దుఃఖం అనే మాటే వినపడదనీ మహాయానంలో ఒక శాఖవాళ్ళు నమ్ముతారు. ఆ పేజీ దొరికిన రోజు లైబ్రరీలో నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. (లైబ్రేరియన్ నాకు బాత్రూమ్ దారి చూపించాడు.) ఆదివారం చెప్పగానే టీచరమ్మగారి మొహం వెలిగిపోయింది. "నమ్మితే చాలా? పనులూ, లెక్కలూ ఏం అడగరా?" "అడగరండి. నమ్మకమే ముఖ్యం." "ఇది మా పాస్టరుగారు చెప్పేదేగా!" అని ఆశ్చర్యపోయారు. తర్వాత కాసేపు ఆలోచించి, "పడమర అంటున్నావు, మాది పైన. ఎంత దూరంలే, పైనుంచి చూస్తే కనపడదా? పిల్లనెత్తుకుని చూపిస్తాను" అన్నారు. ఆ మాటకి నేను మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. "ఇంటర్‌లో గ్రూపు మార్పించినట్టు, నెమ్మదిగా ఆయన్ని మహాయానంలోకి మార్పించు బాబూ" అన్నారు.

మార్పించడానికి మూడు ఆదివారాలు నానా తంటాలు పడ్డాను. థేరవాదాన్ని పది నిమిషాల్లో తేల్చేసి మహాయానాన్ని గంటన్నర పొగిడేవాణ్ణి. మూడో ఆదివారం సుఖావతిలో చెరువుల్ని వర్ణిస్తుండగా మాస్టారు కళ్ళజోడు తీసి, "టీచరమ్మ పంపిందా సార్?" అన్నారు. ఆయన కోప్పడలేదు. "బుద్ధుణ్ణి ఒకాయన ఇదే అడిగాడు గదండీ. జ్ఞాని చచ్చాక ఉంటాడా, ఉండడా చెప్పకపోతే నీ దగ్గర ఉండను అని. బుద్ధుడు ఉంటాడనలేదు, ఉండడనీ అనలేదు. బాణం దిగినవాడు, దాన్ని వేసినవాడి ఊరూ పేరూ తెలిస్తేగానీ తీయనివ్వనంటే చచ్చిపోతాడు, ముందు బాణం తీయించుకో అన్నాడు. నాకు తెలియదు అనడం నాకు వచ్చండి. ఉందనడం రాదు. చూడని జవాబుకి నేను ఏ పిల్లాడికీ మార్కు వెయ్యలేదు. ఎనిమిదిలో మూడోది ఏంటి?" "సమ్యక్ వాక్కండి." "మీరేగా నాచేత వల్లె వేయించారు." గొంతు తగ్గించి అన్నారు: "ఆవిడ అడిగేదేంటో నాకు తెలుసు సార్. పదకొండు రోజులూ ఆ పిల్లని నేనే ఎత్తుకు తిరిగాను. ఆవిడకి ఆ ఒక్క అబద్ధం చెప్పలేకపోవడమే నాకున్న దుఃఖం. మీ మొదటి సత్యం నాకట్లా అర్థమైంది." ఆ రోజు తిరుగు రైల్లో, ఎప్పట్లా నోట్సు తియ్యలేదు.

ఆ చలికాలం మాస్టారి కిడ్నీలు దెబ్బతిన్నాయి. తెనాలి ఆసుపత్రిలో కొన్నాళ్ళుంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. మంచం పక్కన కూర్చుని చెప్తుంటే కళ్ళు మూసుకుని వినేవారు. టీచరమ్మగారు గుమ్మం దగ్గర నిలబడి నావైపు చూసేవారు. ఆ చూపు ఏం అడుగుతోందో నాకు తెలుసు. ఒకసారి ఆయన చెవి దగ్గరికి వంగి, "మాస్టారూ, అమ్మగారి తృప్తి కోసం ఒక్కసారి మహాయానం అనండి, ఏం పోయింది?" అన్నాను. ఆయన కళ్ళు తెరవకుండానే నవ్వి, "తప్పు సార్" అన్నారు. చివరిసారి నాతో మాట్లాడింది అదే.

ఒక గురువారం నేను క్లాసులో ఉండగా మా కోచింగ్ సెంటరు డైరెక్టరు మైకు లాక్కుని, "రేపల్లె నుంచి ఫోను. మీ మాస్టారు పోయారంట. బౌద్ధం ప్రకారం చెయ్యాలి, నిన్ను రమ్మంటున్నారు" అన్నాడు. "నేనా? నేనేం చేస్తానండీ?" "నీ చాప్టరేగా, వెళ్ళు" అన్నాడు. రైల్లో నోట్సు తెరిచి, పరీక్షకి పోయేవాడిలాగా మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. నలభై పేజీల్లో మనిషి చచ్చిపోతే ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు. నాకు కళ్ళు మసకలు కమ్మి అక్షరాలు కూడా కనపడటం మానేశాయి.

వెళ్ళేసరికి ఇంటిముందు చర్చ నడుస్తోంది. మాస్టారి తమ్ముడు, "తాతలనాటి సంఘం ఉండగా ఈ కొత్త పద్ధతేంటి?" అంటున్నారు. టీచరమ్మగారు లేచి నిలబడి, "ఆయన బౌద్ధుడు. ఆయన పద్ధతిలోనే పంపుతాను" అన్నారు. అన్నాళ్ళూ ఆయన్ని వేరే శాఖలోకి మార్పించమని నన్ను బతిమాలిన మనిషి ఆవిడేనా అనిపించింది. పాస్టరుగారు, "ఆయన ఇష్టం ఆయనదండి. సమాధికి చోటు మాత్రం వాళ్ళ నాన్న పక్కనే ఇద్దాం. నేను పొరుగువాడిగా నిలబడతాను" అన్నారు. తమ్ముడుగారు కాస్త మెత్తబడి, "సరే, ఆ బౌద్ధం తెలిసినాయన వచ్చాడా? తమరి పేరండీ?" అని నన్నడిగారు. చెప్పాను. ఆయన కాసేపు పాస్టరుగారి వైపు, కాసేపు నావైపు చూసి, కుర్చీలో కూలబడ్డారు.

సమాధుల తోటలో పెట్టె దింపి, మొహం మీద గుడ్డ తీశారు. నేను ముందుకెళ్ళి బుద్ధం, ధర్మం, సంఘం అని మూడు శరణాలూ మూడేసిసార్లు చెప్పాను, అందరూ వెంట అన్నారు. పంచశీల చెప్పాను. అంతా కలిపి మూడు నిమిషాల్లో అయిపోయింది. అందరూ ఇంకా ఏదో ఉంటుందని చూస్తున్నారు. గంట కొట్టకుండా క్లాసు ముగించిన అలవాటు నాకు లేదు. ఏం చెయ్యాలో తోచక, మాస్టారి మొహం చూస్తూ పాఠం ఎత్తుకున్నాను. నాలుగు సత్యాలు, ఎనిమిది అంగాలు, అనిత్యం, దుఃఖం, అనాత్మ. చెప్తున్న కొద్దీ వేగం పెరిగింది. "ఇది చాలా ఇంపార్టెంట్, అందరూ రాసుకోండి" అనేశాను. ఒక పెద్దమనిషి నిజంగానే పెన్ను కోసం జేబు తడుముకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు అంటుకుంది. టీచరమ్మగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేట్టు నవ్వారు. ఎప్పుడు ఏడుపయిందో తెలియలేదు. ఏడుస్తూనే, అందరి ముందూ, "బాబూ, ఆయనెక్కడికెళ్ళారు? చెప్పు" అన్నారు.

"సుఖావతికి అమ్మగారూ" అన్నాను. మొదలుపెట్టాక ఇంక ఆగలేదు. పడమటి దిక్కున ఒక లోకం ఉందని చెప్పాను. అమితాభుడని చెప్పాను. అక్కడికెళ్ళినవాళ్ళకి దుఃఖం లేదని, అక్కణ్ణించి అన్ని లోకాలూ కనపడతాయని (ఈ చివరిది నేను కల్పించిందే) బాగా, నమ్మేట్టు చెప్పాను. జనం తలలూపుతున్నారు. పాస్టరుగారు తలొంచుకుని వింటున్నారు. ఆవిడ ఆఖరిదాకా విన్నారు. విని, నా దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేసి, మెల్లిగా అన్నారు: "ఆయన ముందు వద్దు నాయనా. ఆయనకి అబద్ధం గిట్టదు. తెలీదని చెప్పు." నేను మాస్టారి వైపు చూశాను. "తెలియదమ్మగారూ" అన్నాను. మైకు లేకపోతే నా గొంతు అంత చిన్నదని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ "ఊఁ" అని, ఆయన మొహం మీద గుడ్డ తనే సర్దారు. తర్వాత అందరితోపాటు నేనూ మూడు గుప్పిళ్ళ మట్టి వేశాను. మాలోనూ అంతే, వాళ్ళలోనూ అంతే. బౌద్ధంలో ఎట్లాగో ఇప్పటికీ కనుక్కోలేదు.

తర్వాత నాకు కాలేజీలో ఉద్యోగం వచ్చింది. పెళ్ళయింది. బౌద్ధం చాప్టరు ఇప్పటికీ చెప్తాను గానీ, దుఃఖం అని బోర్డు మీద రాశాక కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తాను. పిల్లలు అది సిలబస్‌లో భాగం అనుకుంటారు. రేపల్లె వెళ్ళినప్పుడల్లా టీచరమ్మగారు చేపల పులుసు పెట్టేవారు. ఆ ప్రశ్న మాత్రం మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడగరని తెలిసీ నేను ప్రతిసారీ భయపడుతూనే వెళ్ళేవాణ్ణి. ఆవిడ పోయిన కబురు నాకు ఆలస్యంగా అందింది. నేను వెళ్ళేసరికి అందరూ వెళ్ళిపోయారు. మాస్టారి పక్కనే తడి మట్టి, మీద బంతిపూలు. వాళ్ళిద్దరికీ కొంచెం అవతల, ఎప్పటిదో, జానెడు సిమెంటు దిమ్మ.

చెప్పులు విప్పి, చేతులు రెండూ చాచి నిలబడ్డాను. ఏం అడగాలో ముందుగా అనుకోలేదు. నోట్లోంచి వచ్చింది మాత్రం, "యా అల్లా, ముగ్గుర్నీ ఒకచోట ఉంచు" అని. మా మౌలానాగారు వింటే ఏమంటారో, పాస్టరుగారు వింటే ఏమంటారో అనుకున్నాను. మాస్టారైతే "తప్పు సార్" అనే ఉంటారు. నలభై నిండిన హిస్టరీ లెక్చరరు, రేపల్లె సమాధుల మధ్య నిలబడి, ఒక బౌద్ధుణ్ణి ఒక క్రైస్తవురాలి పక్కన కూర్చోబెట్టి పిల్లని ఒళ్ళో పెట్టమని అల్లాని బతిమాలుతున్నాడు. నన్ను చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే మళ్ళీ అడిగాను.